రెండో వరుసలో ఖాళీలు

ఆ ఏడాది ఆకులు రాలడం మొదలైన వారంలోనే అక్క ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, అమ్మా నాన్నా నేనూ, మా ముగ్గురినీ సోఫాలో వరసగా కూర్చోమని మరీ హుకుం జారీ చేసింది.

"ఇరవై ఎనిమిదో వారం వచ్చింది. డాక్టరు మంచం దిగొద్దంది. అంతా బానే ఉంది. కానీ నాకోసం ఏమీ కొనొద్దు, ఏమీ కుట్టొద్దు, గది సర్దొద్దు. ఒక్క గుడ్డముక్క కూడా ఇంట్లోకి రాకూడదు. అర్థమైందా నాన్నా?"

"నాకెందుకు చెప్తున్నావే? నేనేమైనా దర్జీనా?"

"నీకే చెప్తున్నా."

నాన్నకే ఎందుకు చెప్పిందో సోఫాలో ఉన్న ముగ్గురికీ తెలుసు. రెండేళ్ళ కిందట, మొదటిసారి, సరిగ్గా ఇదే కాలంలో నాన్న పెరట్లో పెద్ద మడి తవ్వి, డాక్టరు చెప్పిన తేదీకి చేతికొచ్చేలా లెక్క కట్టి, మడినిండా ఒకేరోజు క్యారెట్ విత్తనాలు చల్లాడు. క్యారెట్లు లెక్క ప్రకారం వచ్చాయి. బిడ్డ మాత్రం మాకు దక్కలేదు. ఆ క్యారెట్లని ఎవరూ పీకలేదు. అవి మట్టిలోనే లావెక్కి నిలువునా పగిలిపోయాయి. తర్వాత ఆ మడి వైపు నాన్న బట్టలారేయడానికి కూడా వెళ్ళలేదు, ఎండ బాగా పడేది అక్కడే అయినా సరే.

హుకుం వచ్చింది శనివారం. ఆదివారం పొద్దున్నే పెరట్లో పార చప్పుడు.

నేను పళ్ళు తోముకుంటూనే పరిగెత్తాను. నేను ఏ పనైనా అలాగే చేస్తాను, అందుకే నాన్న నన్ను ఎక్స్‌ప్రెస్సూ అని పిలుస్తాడు. అసలు పేరు పెట్టి పిలిచాడంటే నేను ఏదో పగలగొట్టానని అర్థం. వెళ్ళేసరికి ఆయన అదే మడిలో ఉన్నాడు, స్వెట్టరు మీద ఎండుటాకులు, మోకాళ్ళదాకా మట్టి.

"నాన్నా, అక్క వద్దంది కదా."

"గుడ్డముక్కలు వద్దంది. క్యారెట్లు గుడ్డముక్కలా?"

"తెలిస్తే చంపేస్తుంది."

"ఎవరు చెప్తారు? నువ్వా?"

ఈసారి మడంతా విత్తలేదు. రెండు మేకులు కొట్టి, వాటి మధ్య తాడు బిగించి, తాడు కింద వేలితో ఒకే ఒక్క గీత గీశాడు. క్యారెట్ విత్తనాలు మరీ చిన్నవి, ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి, అందుకని పొడి ఇసుకలో కలిపి, వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తూ గీత చివరిదాకా వెళ్ళాడు. పైన జల్లించిన మట్టి పలచగా కప్పి, నీళ్ళు చిలకరించి, గోనెపట్టా పరిచాడు. అంతే, చేతులు దులుపుకున్నాడు.

"ఒక్కటేనా? మిగతా మడి?"

"వచ్చే ఆదివారం ఇంకోటి. ఆ పై ఆదివారం ఇంకోటి. పన్నెండు."

ఇరవై ఎనిమిదికి పన్నెండు కలిపితే ఎంతో నాకు వెంటనే తట్టింది, నోరు తెరిచాను కూడా, నాన్న నా వైపు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాను. ఆశంతా ఒకేసారి పెట్టుకోవడం ఆయన మానేశాడు. ఏ వారానిది ఆ వారమే.

అమ్మ ఒక స్కూల్ లైబ్రరీలో పనిచేస్తుంది, ఆలస్యంగా పుస్తకాలు తెచ్చే పిల్లలు ఆవిణ్ణి చూస్తే దారి మార్చుకుంటారు. సోమవారం సాయంత్రం బ్యాగులోంచి పన్నెండు ఐస్‌క్రీం పుల్లలు, తేదీ ముద్ర తీసి బల్ల మీద పెట్టింది. ఒక పుల్ల మీద ముద్ర వేసి నాన్నకిచ్చింది, వరుస చివర గుచ్చడానికి. మిగతావాటి మీద కూడా వేసేయబోతుంటే నాన్న ముద్ర మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందే వద్దు. ఏ వారం పుల్ల ఆ వారమే."

"సరే" అంది అమ్మ, వాదించకుండా. మా అమ్మ వాదించకపోవడం నేను ఆ ఏడాదిలో చూసింది అదొక్కసారే.

పది రోజులకు మొదటి వరుస మొలిచింది. గడ్డిపోచకంటే సన్నంగా ఆకుపచ్చ గీత. రోజుకి నాలుగుసార్లు చూసొచ్చేదాన్ని. చూస్తే సరిపోయేది, నేను ఒకదాన్ని పట్టుకుని కొంచెం పైకి లాగాను, కింద వేరు ఎలా ఉందోనని. నాన్న వెనకాలే ఉన్నాడు.

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు. పీకి, చూసి, మళ్ళీ పాతేదానివి. క్యారెట్‌కి అది పనికిరాదే. టైముకి ముందే పీకింది ఏదీ బతకదు."

ఆయన మామూలుగానే అన్నాడు, నేను మామూలుగానే విన్నాను.

మూడో ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మడి ఫోటో తీశాను, మంచు పట్టిన ఆకులు, మూడు పుల్లలు, తాడు, చాలా బాగా వచ్చింది, మా క్లాసు అమ్మాయికి పంపిద్దామని "చూడవే, మా నాన్న సీక్రెట్ మిషన్, పన్నెండు వారాలకి పన్నెండు వరుసలు" అని టకటకా కొట్టి పంపేశాను. మా ఇంటి గ్రూపులోకి వెళ్ళింది. తీసేసేలోపు అక్క చూసింది.

రెండు రోజులు అక్క దగ్గర్నుంచి ఏమీ లేదు. నాన్న నన్ను అసలు పేరుతో పిలిచాడు, ఆ తర్వాత అసలు పిలవడం మానేశాడు. అమ్మ పప్పుల డబ్బా మూత కూడా చప్పుడయ్యేలా పెట్టింది. నేను అన్నం తింటూ ఏడ్చాను, ఎవరూ ఊరుకోబెట్టలేదు.

మంగళవారం సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది. అక్క రాసింది ఒకే ముక్క. "మూడో వరుస వంకరగా ఉంది."

దాని కింద బావ: "అవును మామయ్యా. వంకరే."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు లైన్లూ చాలాసేపు చదివాడు. తర్వాత తాడు పట్టుకుని పెరట్లోకెళ్ళి, వంగి, కొలిచి వచ్చాడు.

"వేలెడు వంకర. అక్కడ మంచంలో పడుకుని ఎలా కనిపెట్టిందే ఇది?" అన్నాడు. ఆ గొంతులో అంత గర్వం నేను డిగ్రీ తెచ్చుకున్నా వినననుకుంటా.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోటో పంపడం నా డ్యూటీ. అక్క జవాబు ఎప్పుడూ ఒక అంకె. "నాలుగు." ఆ పై వారం, "ఐదు." అంతకు మించి ఏమీ రాసేది కాదు. కానీ ఫోటో పదినిమిషాలు ఆలస్యమైతే బావ నాకు ఫోన్ చేసేవాడు. "ఏంటమ్మా, ఇవాళ బండి లేటా? ఇక్కడ ఒకావిడ సీలింగ్ వంక చూస్తూ నా ప్రాణం తీస్తోంది."

ఐదో వరుస వేసిన వారంలో గురువారం, మధ్యాహ్నం రెండింటికి, బావ ఫోన్.

"మామయ్యకివ్వు" అన్నాడు. మళ్ళీ వెంటనే, "వద్దు, నువ్వే విను. పుట్టేసింది. పాప. బాక్సులో పెట్టారు. మీ అక్క బానే ఉంది. మామయ్యకి కొంచెం నెమ్మదిగా చెప్పు."

నేను నెమ్మదిగా చెప్పడం. బావ ఆ రోజు ఎంత కంగారులో ఉన్నాడో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

హాస్పిటల్‌లో నెలలు నిండని పిల్లల వార్డు మూడో అంతస్తులో, కారిడార్ చివర. తలుపుకి చిన్న అద్దం. అమ్మానాన్నలను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు. అద్దంలోంచి చూస్తే వరసగా పెట్టెలు, వైర్లు, ఎక్కడో ఒక టోపీ. నర్సు బయటికి వచ్చి, "మీరెవరి తాలూకు?" అంది.

"ఆరో నంబరు పాపకి" అని నాన్న ఆగాడు. "తాతయ్యని."

ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. మొదటిసారి ఒక తెలియని మనిషికి, చెప్పుల స్టాండు పక్కన నిలబడి చెప్పాడు.

"ఒక్కసారి చేతికివ్వరా?"

"ఇంకా తల్లి చేతికే ఇవ్వలేదు తాతయ్యా."

"బరువెంత?"

"కిలో ఆరొందల నలభై."

నాన్న తల ఊపాడు. నలభై ఏళ్ళు కాటాలు బాగుచేసిన మనిషి ఆయన. కిరాణా కొట్టు కాటా నుంచి బంగారం కాటా దాకా విప్పి బిగించినవాడు. ఏ వస్తువైనా అరచేతిలోకి తీసుకుని అంకె చెప్పేస్తాడు, పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా అమ్మ ఇచ్చిన గ్లాసు పట్టుకుని బరువు చెప్పాడట, అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆయనకిప్పుడు ఒక అంకె దొరికింది, అరచేతిలో మాత్రం ఏమీ లేదు.

అక్కని చూడనిచ్చారు. మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

"ముందే వచ్చేసింది నాన్నా" అంది, ఇటు తిరగకుండానే.

నాన్న మంచం అంచున దుప్పటి సర్దాడు, సర్దిందే మళ్ళీ సర్దాడు. ఆయన బుర్రలో ఏ మాట తిరుగుతోందో నాకు తెలుసు, ఎందుకంటే నా బుర్రలోనూ అదే తిరుగుతోంది, మొలక లాగినప్పుడు ఆ మాట ఆయన నాతోనే కదా అన్నాడు.

ఇంటికొచ్చాక నాన్న టీ తాగలేదు. వసారాలో పాత కాటా మీది దుమ్ము తుడిచాడు. ఒక గుడ్డసంచీలో జల్లించిన ఆకుమట్టి గుప్పెడు గుప్పెడు వేస్తూ కిలో ఆరొందల నలభై తూచాడు. మూతి కట్టాడు. కుర్చీలో కూర్చుని ఆ సంచీని ఒళ్ళో, మోచేతి వంపులో పెట్టుకున్నాడు. వీధి దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నాడు. నేను పక్కనుంచి రెండుసార్లు వెళ్ళాను, ఏదో పని ఉన్నట్టు. ఆయన నన్ను చూడనట్టే ఉన్నాడు, నేనూ ఆయన్ని చూడనట్టే ఉన్నాను.

మొదటి నాలుగు రోజులూ ఆ సంచీలోంచి మట్టి తీయాల్సి వచ్చింది. పుట్టిన పిల్లలు ముందు కొంచెం తగ్గుతారు, మామూలే, అని డాక్టరు చెప్పింది. బావ ఫోన్‌లో అంకె చెప్పేవాడు, నాన్న సంచీ విప్పి చెంచాడు మట్టి తీసి మళ్ళీ కట్టేవాడు.

ఇక అసలు సంగతి. పాప పుట్టిన మర్నాడు పొద్దున నేను పెరట్లోకి వెళ్ళేసరికి మడి మూల, వరుసలకి దూరంగా, ఒక కాఫీపొడి సీసా బోర్లించి ఉంది. గాలి ఆడడానికి ఒక పక్క కింద పెంకుముక్క. లోపల చిన్న క్యారెట్ మొలక. రెండో వరుసలో ఒకచోట ఖాళీ.

క్యారెట్‌ని పీకి వేరేచోట పాతకూడదని ఊరందరికీ చెప్పే మనిషి పీకి పాతాడు.

నేను రోజూ హాస్పిటల్‌కి ఫోన్ చేసేముందు ఆ సీసా దగ్గరికి వెళ్ళి చూడటం మొదలుపెట్టాను. నాకు మూఢనమ్మకాలు లేవు, సైన్సు చదివినదాన్ని, అయినా చూసేదాన్ని. ఐదో రోజు పొద్దున మొలక వాలిపోయి నేలకి అంటుకుని ఉంది. వేలితో ఎత్తితే దారప్పోగులా వచ్చేసింది.

నాన్న బాత్రూంలో ఉన్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నేను జీవితంలో అంత వేగంగా ఏ పనీ చేయలేదు. రెండో వరుసలోంచి అలాంటిదే ఇంకో మొలకని, చుట్టూ మట్టితో సహా పెళ్ళగించి, సీసా కింద పెట్టి, నీళ్ళు పోసి, చచ్చిపోయినదాన్ని జేబులో దాచేశాను. నాన్న తల తుడుచుకుంటూ వచ్చి, సీసా ముందు గొంతుక్కూర్చుని చూశాడు.

"నిలబడింది" అన్నాడు.

"అవును నాన్నా" అన్నాను.

ఆ రోజు ఫోన్లో అంకె పెరిగింది. ఇరవై గ్రాములు. నాన్న సంచీలో మొదటిసారి మట్టి వేశాడు.

నాలుగు రోజుల తర్వాత నాది కూడా వాలింది, మళ్ళీ మార్చాను. అంటే నాన్న తీసింది ఒకటి, నేను తీసినవి రెండు, మొత్తం మూడు ఖాళీలుండాలి. ఉన్నవి ఐదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదే.

మర్నాడు పొద్దున వంటింటి కిటికీలోంచి చూశాను. అమ్మ, ఆఫీసు చీర కట్టుకుని, బ్యాగు భుజానికే తగిలించుకుని, మడిలో వంగి ఉంది. చేతిలో టీ చెంచా. అటూ ఇటూ చూసి, సీసా ఎత్తి, ఏదో తీసి, ఏదో పెట్టి, చెంచా బ్యాగులో వేసుకుని గబగబా గేటు వైపు నడిచింది. లైబ్రరీలో పుస్తకం ఎత్తుకెళ్ళే పిల్లల్ని ఎన్నిసార్లు పట్టుకుని ఉంటుందో, అచ్చం వాళ్ళలాగే నడిచింది.

నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. అమ్మకి చెప్పలేదు. నాన్నకీ చెప్పలేదు. సాయంత్రం నాన్న సీసా ముందు కూర్చుని, "ఈ మొలక గట్టిది" అంటే అమ్మ "ఊ, గట్టిదే" అంది, నేనూ "ఊ" అన్నాను.

ఆదివారాలు ఆగలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. "ఇంకా దానికి వారాలున్నాయిగా" అని నాన్న వరుసలు వేస్తూనే ఉన్నాడు, అమ్మ పుల్లల మీద ముద్ర వేస్తూనే ఉంది. నేను ఫోటో పంపుతూనే ఉన్నాను, కానీ ఇప్పుడు అక్క అంకె రాయడం లేదు. హాస్పిటల్‌లోనే తల్లుల గదిలో ఉంటూ మూడు గంటలకోసారి లేచి పాలు పట్టించే మనిషికి ఫోన్ చూసే తీరిక ఎక్కడిది. అలా అనుకున్నాం. చూస్తోందని తర్వాత తెలిసింది.

తొమ్మిదో వరుస వేసిన వారం, శనివారం సాయంత్రం, అక్కనీ పాపనీ ఇంటికి పంపించేశారు. మా ఇల్లు హాస్పిటల్‌కి దగ్గర కాబట్టి నేరుగా ఇక్కడికే. ఆ రాక హడావుడి ఏమీ గుర్తులేదు నాకు, అందరం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకున్నామని తప్ప. పాప నిద్రపోతోంది, లేపొద్దంది అక్క, నాన్న చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి చూసి, వెళ్ళి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున ఎండ వచ్చాక అక్క పాపని శాలువాలో చుట్టుకుని పెరట్లోకి వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ మడి దగ్గరికి రావడం అదే మొదటిసారి. నాన్న అప్పటికే పదో వరుసకి తాడు కట్టాడు. అక్క మొదటి పుల్ల నుంచి చూపు కదుపుతూ వచ్చి, వెంటనే వెనక్కి వెళ్ళి, ఆగింది.

"రెండో వరుసకేమైంది? ఫోటోల్లో వారం వారం పళ్ళూడిపోతున్నాయి."

"పురుగు" అన్నాడు నాన్న.

"పిచ్చుకలు" అంది అమ్మ.

"నేనే తొక్కాను" అన్నాను నేను.

మూడూ ఒకేసారి. బావ మెట్ల మీద బ్రెడ్డు తింటున్నవాడు నమలడం ఆపేశాడు. అక్క మా ముగ్గుర్నీ చిన్నప్పుడు నన్ను చూసినట్టు చూసింది, తన పెన్సిళ్ళు కనబడనప్పుడు. తర్వాత మూలనున్న సీసాని చూసింది. ఖాళీల్ని చూసింది. మళ్ళీ సీసాని.

"ఏడున్నాయి" అంది, గొంతు తగ్గించి. "ఎవరెన్ని?"

ముందు నేనే బయటపడ్డాను. "రెండు."

"మూడు" అంది అమ్మ, చీర కొంగు సర్దుకుంటూ.

నాన్న నన్ను చూశాడు. అమ్మని చూశాడు. ఆయన ముఖం చూస్తే మేమిద్దరం తీశామని ఆయనకి అప్పుడే తెలిసిందో, ముందే తెలుసో, ఈ రోజుకీ చెప్పలేను.

"నేను రెండు" అన్నాడు. "ఒకటి మొదట్లో. ఒకటి మొన్న."

అక్క నాన్న దగ్గరికి నడిచి వెళ్ళి, పాపని ఆయన మోచేతి వంపులో పెట్టింది. నాన్న చేతికి మట్టి ఉంది, తుడుచుకునే టైము ఇవ్వలేదు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని సీసా పైకెత్తింది. లోపల మొలక మూడో ఆకు వేసి ఉంది.

"ఇది ఎవరిది?"

"తెలీదే" అన్నాడు నాన్న. "ఎవరు పెట్టిందో మరి. బతికింది."

అక్క ఆ సీసాని మళ్ళీ బోర్లించలేదు. పక్కన గడ్డిలో పెట్టింది.

నాన్న పాప వైపు చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. "రెండు కిలోల రెండొందల తొంభై" అన్నాడు.

"నిన్న రెండొందల డెబ్భై అన్నారు" అంది అక్క.

"నిన్న కదా." శాలువాలో పాప కదిలింది. "సంచీ కదలదు" అన్నాడు, మాకెవరికీ కాదు.

తర్వాత నా వైపు తిరిగి, "ఎక్స్‌ప్రెస్సూ, నా చేతులు ఖాళీ లేవు. ఈ వరుస నువ్వెయ్యి. మెల్లిగా. పైన కప్పడానికి వసారాలో సంచీ ఉంది, తీసుకురా" అన్నాడు.

నేను మొదటిసారి ఒక పనిని మెల్లిగా చేశాను. ఇసుకలో కలిపిన విత్తనాలు వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తూ ఈ మేకు నుంచి ఆ మేకు దాకా వెళ్ళాను. నా వెనకాలే అక్క సంచీ విప్పి, ఆ ఆకుమట్టిని గుప్పెడు గుప్పెడు తీసి గీత మీద పలచగా చల్లుకుంటూ వచ్చింది. చివర్న సంచీని తిరగేసి మూలలు కూడా దులిపింది. అమ్మ పుల్ల గుచ్చింది.

అక్క లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నేను వేసిన వరుసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"వంకరగా వచ్చింది నాన్నా."

నాన్న తలెత్తలేదు.

"రానీ" అన్నాడు.